పీహెచ్‌డీకి ఫీజు ఎంతండీ?

"పీహెచ్‌డీకి ఫీజు ఎంత అవుద్ది బాబూ?"

భీమవరం దగ్గర ఒక పల్లెలో, ఇంటి అరుగు మీద కూర్చుని ఒక నాన్నగారు నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆయనకు రెండెకరాల చేపల చెరువు ఉంది. కూతురు ఈసీఈ ఆఖరి సంవత్సరం. నేను టెక్నాలజీ గురించి బ్లాగు రాస్తానని ఎవరో చెబితే కబురు పెట్టారు. నేను వెళ్లేసరికి ఆయన ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి అమెరికాలో ఎంఎస్‌కి కన్సల్టెన్సీ వాళ్లు వేసిచ్చిన ఖర్చుల లెక్క. చెరువు తాకట్టు పెడితే గానీ తేలని లెక్క. రెండోది ఆరు వారాల్లో క్వాంటమ్ ఇంజినీర్‌ని చేస్తామంటూ ఒక శిక్షణ సంస్థ పంచిన కరపత్రం.

అమ్మాయికి మాత్రం ఈ రెండూ వద్దు. ట్రాప్డ్ అయాన్ క్వాంటమ్ కంప్యూటింగ్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. లోపలి నుంచి వాళ్లమ్మగారు "అయిదేళ్లంటండి, మరి పెళ్లెప్పుడు?" అన్నారు. నాన్నగారు ఆ మాట పట్టించుకోలేదు. ఆయన భయం వేరే. ఎంఎస్‌కే ఇంత అయితే, దాని పైచదువుకి ఇంకెంతో కదా అని.

ఆయనకు నేను చెప్పింది ఒక్కటే మాట. "ఫీజు మీరు కట్టేది కాదు బాబాయ్ గారూ. సీటు వస్తే వాళ్లే నెలనెలా అమ్మాయికి డబ్బులిస్తారు." ఆయన నమ్మలేదు. తప్పు ఆయనది కాదు. మన గోదావరి జిల్లాల్లో మామూలు ఇళ్లకు తెలిసిన పీహెచ్‌డీ అంటే, కాలేజీలో ఉద్యోగం చేసుకుంటూ, ఫీజులు కట్టుకుంటూ, ప్రమోషన్ కోసం లెక్చరర్లు చేసే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. ఫండింగ్‌తో చేసే పీహెచ్‌డీ అని ఇంకోటి ఉందని, అది చదువు కన్నా ఉద్యోగానికి దగ్గరగా ఉంటుందని మనకు చెప్పినవాళ్లు తక్కువ. ఈ వ్యాసం దాని గురించే.

చాటలో గింజ

ముందు ఆ అమ్మాయి మనసుపడ్డ విషయం ఏమిటో చూద్దాం. కాల్షియం, యిటర్బియం లాంటి లోహాన్ని కొంచెం వేడిచేసి ఆవిరి చేస్తారు. అందులోని ఒక పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని లేజర్‌తో ఊడగొడితే అది అయాన్ అవుతుంది. అంటే దానికి విద్యుదావేశం ఉంటుంది కాబట్టి విద్యుత్ క్షేత్రంతో పట్టుకోవచ్చు. కానీ చిక్కేమిటంటే, కదలకుండా ఉండే విద్యుత్ క్షేత్రం ఏదీ దాన్ని అన్ని వైపులా బంధించలేదు. ఒక వైపు ఆపితే ఇంకో వైపు జారిపోతుంది.

మన అమ్మలు చాటలో బియ్యం చెరగడం చూశారు కదా. గింజ ఒక పక్కకి జారేలోపే ఆ పక్క చాట పైకి లేస్తుంది. మళ్లీ ఇటు జారేలోపు ఇటు లేస్తుంది. చాట ఆగితే గింజ కింద పడుతుంది, ఊగుతున్నంతసేపూ చాటలోనే ఉంటుంది. అయాన్ ట్రాప్ చేసేది కూడా అచ్చం ఇదే. క్షేత్రం దిశను సెకనుకు కోట్లసార్లు మారుస్తూ అయాన్‌ని గాలిలో నిలబెడుతుంది. ఈ ఉపాయం కనిపెట్టిన జర్మనీ శాస్త్రవేత్త వుల్ఫ్‌గాంగ్ పాల్‌కి 1989లో నోబెల్ వచ్చింది.

అలా పట్టుకున్న అయాన్‌ని లేజర్‌తో చల్లబరుస్తారు. దాని లోపలి రెండు శక్తి స్థాయిలను సున్నా, ఒకటిగా తీసుకుంటే అదే క్యూబిట్. రెండు మూడు అయాన్లను పక్కపక్కన ఉంచితే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వరసలో నిలబడతాయి. రేవులో ఒకదానికొకటి కట్టిన పడవల్లో ఒకటి ఊగితే మిగతావీ ఊగినట్టు, ఒక అయాన్ కదలిక పక్కవాటికి అందుతుంది. ఆ కదలికనే వాడుకుని లెక్కలు చేయించవచ్చని 1995లో సిరాక్, జోలర్ అనే ఇద్దరు సిద్ధాంతకర్తలు చూపించారు. అదే ఏడాది అమెరికాలో డేవిడ్ వైన్‌ల్యాండ్ బృందం ఒక్క అయాన్‌తో తొలి క్వాంటమ్ గేటును చేసి చూపించింది. ఆయనకు 2012లో నోబెల్ వచ్చింది.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2025 నవంబరులో క్వాంటిన్యువమ్ అనే సంస్థ 98 బేరియం అయాన్లతో హీలియోస్ అనే యంత్రాన్ని బయటపెట్టింది. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్ బృందం ఒక్క కాల్షియం అయాన్ మీద సుమారు 67 లక్షల సార్లకు ఒక్కసారి మాత్రమే తప్పు వచ్చేంత కచ్చితంగా గేటు నడిపింది. 2017లో అక్కడే పీహెచ్‌డీ చేస్తున్న ఒక కుర్రాడు ట్రాప్‌లో వెలుగుతున్న ఒక్క స్ట్రాన్షియం అయాన్‌ని మామూలు కెమెరాతో ఫొటో తీశాడు. నల్లటి తెర మీద నీలంగా ఒక చుక్క. ఒక్క పరమాణువు! ఆ ఫొటోకి బ్రిటన్‌లో సైన్స్ ఫొటోల పోటీలో మొదటి బహుమతి వచ్చింది. ఈ పనుల్లో చాలావాటిని చేత్తో చేసేది పీహెచ్‌డీ విద్యార్థులే. ప్రొఫెసర్ దారి చూపిస్తారు, స్క్రూ బిగించేది విద్యార్థి.

గొరగనమూడి నుంచి ప్రాగ్ దాకా

"ఇవన్నీ మనలాంటి ఊళ్లవాళ్లకి అయ్యేవేనా?" అని ఆ నాన్నగారు అడిగారు. ఆయన ఇంటికి ఎంతో దూరం లేని ఒక ఊరి పేరు చెప్పాను. గొరగనమూడి.

భీమవరం పక్కనున్న ఆ ఊళ్లో 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు అనే పిల్లవాడు పుట్టాడు. పెద్దయ్యాక సన్యాసం తీసుకుని హిమాలయాలకు వెళ్లాడు. తర్వాత జర్మనీ చేరి, అక్కడ భౌతికశాస్త్రం వైపు మళ్లాడు. ప్రాగ్ నగరంలో ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ మీద పరిశోధన చేసి, నలభై ఏళ్ల వయసు దగ్గర డాక్టరేట్ తీసుకున్నాడు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ని కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పనిచేశాడు. తిరిగొచ్చాక ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాఖను నిలబెట్టింది ఆయనే. స్వామి జ్ఞానానంద అంటే పెద్దవాళ్లకు గుర్తొస్తుంది.

ఈ వ్యాసానికి ఇంకా దగ్గరి విషయం ఒకటుంది. 1947లో అమెరికాలో ఆయన ఇంగ్లిష్ పుస్తకం ఒకటి అచ్చయింది. పేరు 'హై వాక్యువా'. గాలిని దాదాపు పూర్తిగా తీసేసిన శూన్యాన్ని ఎలా తయారుచేయాలి, ఎలా కొలవాలి అన్నది దాని విషయం. ఇవాళ అయాన్ ట్రాప్ ల్యాబ్‌లో చేరిన విద్యార్థి మొట్టమొదట నేర్చుకునేది సరిగ్గా అదే. ట్రాప్ ఉండే స్టీలు పెట్టెలో ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలిలో వంద లక్షల కోట్లో వంతుకు పడిపోవాలి. లేకపోతే తిరుగుతున్న గాలి అణువు ఏదో ఒకటి వచ్చి అయాన్‌ని గుద్దేస్తుంది. అందుకని పెట్టెకి అల్యూమినియం రేకు చుట్టి, రోజుల తరబడి వేడిచేసి, స్టీలు గోడలకు పట్టిన తేమను తరిమేస్తారు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ధాన్యం తీసుకోరని కళ్లంలో రోజుల తరబడి ఆరబెట్టే రైతుకి ఈ ఓపిక కొత్తేమీ కాదు.

ఎనభై ఏళ్ల కిందట గొరగనమూడి మనిషి శూన్యం గురించి ప్రపంచానికి పుస్తకం రాశాడు. ఇవాళ ఆ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలకు వాక్యూమ్ పంపు చూసే అవకాశమే తక్కువ. తెలివి తగ్గిపోయిందనుకోను. దారి మీద బోర్డు తీసేశారంతే.

డబ్బు ఎటు పారుతోంది?

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. కాలువలో నీళ్లు ఎటు పారుతున్నాయో చూడటం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే. చదువు విషయంలోనూ అదే చూడండి. డబ్బు మీ ఇంటి నుంచి బయటికి పారుతుంటే అది కోర్సు. బయటి నుంచి మీకు పారుతుంటే అది పరిశోధన. ఈ ఒక్క పరీక్ష పెడితే చాలు, చాలా కరపత్రాలు అక్కడే రాలిపోతాయి.

మన దేశంలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోగా 42,000. ఐదేళ్లకు కలిపితే 24 లక్షలు. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్ కింద ఎంపికైతే మొదటి రెండేళ్లు నెలకు 70,000, మూడో ఏడు 75,000, ఆ తర్వాత రెండేళ్లు 80,000 చొప్పున ఇస్తూ వచ్చారు. ఐదేళ్లకు 45 లక్షలు. పైన ఏటా 2 లక్షల పరిశోధన గ్రాంటు. ఐదేళ్లలో ఇలాంటి ఫెలోషిప్‌లు 10,000 ఇస్తామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మీరు దరఖాస్తు చేసే ఏడాది ప్రకటన చూసుకోండి. సెమిస్టర్ ఫీజు, హాస్టల్ ఖర్చు ఉంటాయి గానీ అవి ఈ డబ్బులోంచే వెళ్లిపోతాయి.

అమెరికాలో భౌతికశాస్త్రం, ఇంజినీరింగ్ పీహెచ్‌డీల్లో సీటు ఇచ్చేటప్పుడే సాధారణంగా ట్యూషన్ ఫీజు మాఫీ, నెల జీతం రెండూ లేఖలో రాసి ఇస్తారు. దానికి బదులుగా మీరు పాఠాలు చెప్పడంలో సాయం చేయాలి, లేదా ల్యాబ్‌లో పనిచేయాలి. మనవాళ్లు చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. అక్కడ పీహెచ్‌డీకి ముందు ఎంఎస్ చేసి తీరాలని లేదు, బీటెక్‌తో నేరుగా దరఖాస్తు చేయవచ్చు. జర్మనీ, ఆస్ట్రియా లాంటి చోట్ల సాధారణంగా మాస్టర్స్ అడుగుతారు గానీ, పీహెచ్‌డీ విద్యార్థిని ఉద్యోగిగానే కాంట్రాక్టు మీద తీసుకోవడం అక్కడ మామూలు.

ఎక్కడ చేయాలి అన్నదానికి దూరాలు పోనక్కర్లేదు. మన రాష్ట్రంలోనే ఐఐటీ తిరుపతిలో అయాన్లను బంధించి పనిచేసే ల్యాబ్ ఉంది. ఐఐటీ, ఐసర్ తిరుపతి కలిసి పరమాణు, కాంతి శాస్త్రాల కోసం ఒక ఉమ్మడి కేంద్రాన్ని కూడా నడుపుతున్నాయి. పుణెలో ఐసర్, అయూకా ఉన్నాయి. అయూకాలో యిటర్బియం అయాన్‌తో అణు గడియారం కట్టే పని నడుస్తోంది. బెంగళూరులో రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. బయట చూస్తే సింగపూర్, ఇన్స్‌బ్రుక్, ఆక్స్‌ఫర్డ్, జూరిక్, మేరీల్యాండ్, డ్యూక్ లాంటివి ఈ రంగంలో పెద్ద పేర్లు.

మీ బ్రాంచికి ఇందులో ఏం పని?

"నాది ఫిజిక్స్ కాదుగా" అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఒక అయాన్ ట్రాప్ ల్యాబ్‌లోకి వెళ్లి చూస్తే సగం సామాను మన బ్రాంచీలదే. ట్రాప్‌కి ఇచ్చే రేడియో ఫ్రీక్వెన్సీ వోల్టేజి, దానికి కావాల్సిన రెజొనేటర్ ఈసీఈ పని. కరెంటులో ఏ మాత్రం గరగర లేకుండా లేజర్‌ని నడిపే సర్క్యూట్ ట్రిపుల్‌ఈ పని. వాక్యూమ్ పెట్టె, కంపనాలు, వేడి మెకానికల్ పని. ప్రపంచంలో చాలా అయాన్ ల్యాబ్‌లు వాడే 'ఆర్టిక్' అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో ప్రయోగాన్ని పైథాన్‌లో రాస్తారు. కింద ఎఫ్‌పీజీఏ చిప్పు దాన్ని నానోసెకన్ల లెక్కన నడుపుతుంది. అది ఓపెన్ సోర్స్, ఇవాళ రాత్రే డౌన్‌లోడ్ చేసి చదవొచ్చు. బీఎస్సీ ఫిజిక్స్ వాళ్లకయితే పరమాణు భౌతికం సొంత ఇల్లు లాంటిది.

కాబట్టి చివరి రెండేళ్లలో చేయాల్సింది ఇది. ఒకటి, చేత్తో ఏదైనా కట్టండి. సోల్డరింగ్ చేసిన చిన్న లేజర్ డ్రైవర్ అయినా సరే, పనిచేయకపోతే ఎందుకు చేయలేదో చెప్పగలిగితే చాలు. మార్కెట్లో కొన్న మినీ ప్రాజెక్టు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. రెండు, మ్యాథ్స్‌లో లీనియర్ ఆల్జీబ్రా, ఫిజిక్స్‌లో క్వాంటమ్ మెకానిక్స్ మొదటి పుస్తకం లెక్కలతో సహా పూర్తిచేయండి. మూడు, గేట్, జెస్ట్ పరీక్షలు చూసుకోండి. ఏ సంస్థ ఏ స్కోరు తీసుకుంటుందో, బీటెక్ వాళ్లను నేరుగా తీసుకుంటుందో లేదో వాళ్ల ప్రకటనలోనే ఉంటుంది. నాలుగు, మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కి దరఖాస్తు చేయండి. రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో గడిపితే ఈ బతుకు మీకు పడుతుందో లేదో తేలిపోతుంది. ఐదు, ప్రొఫెసర్‌కి మెయిల్ రాసేముందు ఆయన పత్రాలు రెండైనా చదవండి. "గౌరవనీయులైన సర్" అంటూ ఒకే మెయిల్ వందమందికి పంపితే ఎవరూ తెరవరు. మీరు ఏం కట్టారు, వాళ్ల పత్రంలో మీకు ఏది అర్థం కాలేదు అన్నది పది లైన్లలో రాస్తే జవాబు వచ్చే అవకాశం పెరుగుతుంది.

తీపి ఒక్కటే చెబితే మోసం

ఇన్ని చెప్పాక రెండో వైపూ చెప్పాలి. పీహెచ్‌డీ అంటే ఐదారేళ్లు. ఆ ఐదేళ్లలో మీ క్లాస్‌మేట్ హైదరాబాద్‌లో ఫ్లాటు కొంటాడు. సంక్రాంతికి మీరు ఊరొస్తే "ఇంకా చదువేనా?" అని అడగని చుట్టం ఉండడు. ఆర్నెల్లు కష్టపడి మూసిన వాక్యూమ్ పెట్టెలో చిన్న లీకు వచ్చి మళ్లీ మొదటికి రావచ్చు. గైడ్ మంచివారు కాకపోతే సబ్జెక్టు ఎంత గొప్పదైనా బతుకు చేదే. అందుకే చేరేముందు ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న విద్యార్థులతో గైడ్ లేనప్పుడు మాట్లాడండి. అందరికీ ఇది సరిపడదు, సరిపడకపోవడం చిన్నతనమూ కాదు.

అయినా సరే, చెరువు తాకట్టుతో మొదలయ్యే దారికీ దీనికీ ఒక తేడా ఉంది. ఇది నచ్చక మధ్యలో మానేసినా ఇంటి మీద అప్పు ఉండదు. ఎలక్ట్రానిక్స్, లేజర్లు, కోడ్ చేతికొచ్చిన మనిషిగా బయటికొస్తారు. మధ్యతరగతి ఇంటికి ఇంతకన్నా పెద్ద భద్రత ఏముంటుంది?

ఇక పెద్దలకు ఒక మాట. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 6,003.65 కోట్లతో జాతీయ క్వాంటమ్ మిషన్‌కి ఆమోదం తెలిపింది. 2025 మే నెలలో అమరావతి క్వాంటమ్ వ్యాలీకి 156 క్యూబిట్ల ప్రాసెసర్‌తో ఐబీఎం యంత్రం వస్తోందని ప్రకటించారు. సంతోషం. అది అయాన్లది కాదు, సూపర్‌కండక్టింగ్ రకం. ఏ రకమైనా సరే, యంత్రాన్ని తెప్పించుకోవడం వేరు, దాన్ని కట్టగల మనుషులను తయారుచేసుకోవడం వేరు. కాటన్ దొర ఆనకట్ట కట్టించినా, కాలవలు తవ్వబట్టే కదా నీళ్లు మన పొలందాకా వచ్చాయి. క్వాంటమ్ వ్యాలీకి పిల్ల కాలువలు అంటే కాకినాడ జేఎన్‌టీయూ, తాడేపల్లిగూడెం నిట్, రాజమహేంద్రవరం నన్నయ వర్సిటీ, ఆంధ్రా యూనివర్సిటీల్లో పరిశోధన సీట్లు, వాటికి రాష్ట్రం ఇచ్చే ఫెలోషిప్‌లు. ఈ ప్రాంతంలో కనీసం ఒక్కచోటైనా లేజర్లు, వాక్యూమ్, ఆర్‌ఎఫ్ ఉన్న ఉమ్మడి ల్యాబ్ పెట్టి, చుట్టుపక్కల కాలేజీల పిల్లలకు తాళం తీసి ఉంచితే, ఆరు వారాల కరపత్రాలకు గిరాకీ దానంతటదే తగ్గుతుంది.

ఆ రోజు అరుగు మీద ఇదంతా విన్నాక ఆ నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. ఎంఎస్ లెక్క కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు, చింపలేదు. తర్వాత ఇంకో ప్రశ్న అడిగారు. "అయితే ఆ డబ్బులు నెలనెలా సరిగ్గా పడతాయా బాబూ?"

దీనికి మాత్రం నేను వెంటనే "ఆయ్, పడతాయండి" అనలేకపోయాను. నాకు తెలిసిన స్కాలర్లలో ఫెలోషిప్ నెలల తరబడి రాక, స్నేహితుల దగ్గర అప్పు చేసి మెస్ బిల్లు కట్టినవాళ్లున్నారు. ఆ మాట దాచకుండా చెప్పాను. ఆయన తలూపి, "చేపలోళ్ల డబ్బులూ అంతేలే" అన్నారు. అమ్మాయి నవ్వింది.

ఆమె ఇప్పుడు గేట్‌కి చదువుతోంది. ఫీజు ఎంత అన్న మొదటి ప్రశ్నకు జవాబు మనలాంటివాళ్లం చెప్పగలం. నెలనెలా పడతాయా అన్న రెండో ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాళ్లు ఢిల్లీలో, అమరావతిలో ఉన్నారు. కోట్ల యంత్రాల గురించి చెప్పే నోటితోనే, ప్రతి నెలా ఒకటో తారీఖున స్కాలర్ ఖాతాలో డబ్బు పడుతుందని కూడా వాళ్లు చెప్పగలగాలి. అప్పుడే ఆ నాన్నగారు జేబులోని కాగితం చింపేస్తారు.